వెన్ను నొచ్చిన గుఱ్ఱము

రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడుకాళ్ళ నడచునని మనలో నొక సామెత కలదు. కుంటుట నటనయనియు, దానికి బెత్తమే మందనియు దాని భావము. వెన్నునొప్పితో చేతులు మారు గుఱ్ఱములకు ఈ భావము వలన కలిగిన కీడు ఇంతింతయని చెప్పరాదు.

గుఱ్ఱమునకు ఱొమ్ముభాగమున 18 వెన్నుపూసలును, నడుమున సాధారణముగ 6 పూసలును కలవు. ప్రతి పూసపైనను ఎముక కొమ్మొకటి పైకి నిలిచియుండును. కొమ్మునకును కొమ్మునకును నడుమ ఎడముండవలెను. ఆ యెడము పూడి ఎముకలు ఒండొంటి నొరసికొనుట గుఱ్ఱపు వెన్నుజబ్బులలో పేరుమోసినది. తరచుగ నిది జీనుక్రిందనే, రౌతు బరువు పడుచోటనే కనబడును. పందెపు జాతి గుఱ్ఱములలో మఱింత హెచ్చు.

ఈ గుఱ్ఱములు రెండేండ్ల ప్రాయముననే పరుగునకు దిగును. ఆ పరుగు కొలది యేండ్లలో ముగియును. ఆయువు 25 ఏండ్లు దాటవచ్చును. మన మలక్‌పేటయందైనను, ఇంగ్లండులోని న్యూమార్కెట్‌యందైనను, పందెములు మానిన గుఱ్ఱమును తక్కువ వెలకు కొని స్వారికి అలవఱుపదలచువాడు మొట్టమొదట దాని వెన్నును గూర్చి విచారింపవలెను.

ఎక్స్‌రే చిత్రమొక్కటియే ఇందుకు ప్రమాణము కాదు. చిత్రమున ఎముకలు తగులుచున్నట్లు కనబడినను ఏ బాధయు లేక పనిచేయు గుఱ్ఱములు కలవు. చిత్రముకంటె గుఱ్ఱమే మేలైన సాక్షి. పొట్టపట్టీ బిగించునపుడు చెవులు వెనుకకు వాల్చి కఱవవచ్చుట, ఒకవైపు తిరుగుటకు మొరాయించుట, దూకనొల్లకుండుట, రౌతును పడవైచుట - వీనినే మనము పొగరందుము. నొప్పిని తెలుపుటకు దానికి వేఱు భాష లేదు. కాలి కుంటును, అమరని జీనును గూడ వెన్నును నొప్పించును గనుక పశువైద్యుడు గుఱ్ఱమును నిలువెల్ల పరీక్షింపవలెను. జీను తగినదో కాదో చూపించుకొనవలెను.

విరాటుని కొలువున అశ్వపాలకుడుగ చేరిన నకులుడు, తనకు శిక్షణమును చికిత్సయు రెండును తెలియునని చెప్పుకొనెను. నేటి వైద్యమును ఈ రెంటిని కలిపియే నడచుచున్నది. విశ్రాంతి యున్నది, సూదిమందున్నది. గుఱ్ఱము నిలిచియుండగనే ఆ కొమ్ముల నడిమి బంధనమును కోయు శస్త్రచికిత్సను బ్రిటన్‌లోని పశువైద్యులు 2012లో ప్రకటించిరి. అయినను కలిగిన మేలును నిలుపునది కండబలమే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 8 గుఱ్ఱములచేత మెడను ముంగాళ్ళ నడుమకును, ప్రక్కలకును వంపించుచు, వారమునకు 5 దినముల చొప్పున 3 నెలలు సాధన చేయించిరి. వెన్నుపూసలను పట్టియుంచు లోపలి కండ దళమెక్కినట్లు 2011లో వెల్లడించిరి. ఇందుకు కావలసినది ధనముకంటె ఓరిమి. మొదట నడక, పిదప జీనులేని పని, ఆపైననే రౌతు.

ఇంత చేసినను వెన్ను కుదురుపడునని ఎవ్వరును పూచీపడలేరు. గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువలేదని పెద్దలు విసుగుతో అన్నమాట. గుఱ్ఱమును తెచ్చుకొనువాడు ఆ మాటను ముందుగనే లెక్కలో వ్రాసికొనుట మంచిది. స్వారికి పనికిరాని దినము వచ్చినచో మేతకును, నీడకును, వైద్యునకును తన యొద్ద సొమ్ము కలదా? దానిని ఇంకొకని చేతికి దాటింపక ఉంచుకొనగలడా? కలదు, గలనని చెప్పగలవాడు పగ్గము చేతబట్టవచ్చును. లేనివాడు వెల యెంత చౌకయైనను వెనుదిరుగుటయే ఆ మూగజీవమునకు మేలు.