రెండో బేస్ తొక్కలేదట!

గెలిచామని గంతులేస్తూ ఇంటికెళ్లారు. కంటినిండా నిద్రపోయారు. పొద్దున్నే పేపరు తెరిస్తే 'నిన్నటి ఆట ఎవరూ గెలవలేదు' అని ఉంది. ఎలా ఉంటుంది? 1908 సెప్టెంబరు 24న న్యూయార్క్‌లో వేలమంది బేస్‌బాల్ అభిమానులకు అచ్చం అలాగే తెల్లవారింది. ఆ కోపమంతా పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడి మీదికి మళ్లింది. పేరు ఫ్రెడ్ మెర్కిల్.

ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో న్యూయార్క్ జెయింట్స్, షికాగో కబ్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ నువ్వా నేనా అన్నట్టు తలపడుతున్నాయి. ఒక్క ఆట అటూ ఇటూ అయితే టైటిలే చేజారిపోతుంది. సెప్టెంబరు 23న పోలో గ్రౌండ్స్ మైదానంలో జెయింట్స్‌కీ కబ్స్‌కీ మ్యాచ్. జెయింట్స్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర రోజూ ఆడే ఫ్రెడ్ టెన్నీకి ఆ రోజు నడుంనొప్పి. దాంతో రిజర్వులో ఉన్న మెర్కిల్‌ని దించారు. ఆ సీజన్లో అతను మొదటి నుంచీ ఆడిన తొలి మ్యాచ్ అదే!

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. స్కోరు 1-1. జెయింట్స్‌కి ఇద్దరు అవుటయ్యారు, మూడో వికెట్ పడితే... అదే, మూడో అవుట్ అయితే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. మూడో బేస్‌లో మెకార్మిక్, మొదటి బేస్‌లో మెర్కిల్. బ్యాటు పట్టిన బ్రిడ్‌వెల్ బంతిని మైదానం మధ్యలోకి బాదాడు. మెకార్మిక్ హోమ్ చేరాడు. 2-1. గెలిచేశాం!

జనం గ్యాలరీల నుంచి మైదానంలోకి దూకేశారు. అది అల్లరేమీ కాదు. పోలో గ్రౌండ్స్‌లో ఆట అయ్యాక ప్రేక్షకులు మైదానం మీదుగానే బయటికెళ్లేవారు. ఆటగాళ్ల గది కూడా మైదానానికి ఆ చివర ఉండేది. అందుకని ఆట అవగానే జనంలో చిక్కుకోకుండా ఆటగాళ్లు పరుగు లంకించుకునేవారు. మెర్కిల్ కూడా అదే చేశాడు. రెండో బేస్ వైపు కొంతదూరం వెళ్లి, జనం ముంచుకురావడం చూసి, పక్కకు తిరిగి గది వైపు పరుగెత్తాడు.

అదీ కొంప ముంచింది.

రూల్లో ఏముంది?

బ్యాటరు బంతి కొట్టి మొదటి బేస్‌కి పరుగెత్తితే, అప్పటికే అక్కడున్నవాడు ఖాళీ చేసి రెండో బేస్‌కి వెళ్లి తీరాలి. అతను చేరేలోపు ఫీల్డరు బంతితో ఆ బేస్‌ని తాకితే అవుట్. అది మూడో అవుట్ అయితే ఆ బంతికి వచ్చిన పరుగు చెల్లదు. పుస్తకంలో ఈ రూలు ఎప్పటి నుంచో ఉంది. కానీ గెలుపు పరుగు వచ్చేశాక వెనకవాడు బేస్ తొక్కాడా లేదా అని పట్టించుకున్న అంపైర్ లేడు.

పట్టించుకున్నవాడు ఒకడున్నాడు. కబ్స్ రెండో బేస్ ఆటగాడు జానీ ఎవర్స్. అదే నెల నాలుగున పిట్స్‌బర్గ్‌లో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. అవుటివ్వమని అడిగితే తాను చూడలేదంటూ అంపైర్ హాంక్ ఓడే ఒప్పుకోలేదు. ఆ మ్యాచ్ కబ్స్ 0-1తో ఓడింది. పోలో గ్రౌండ్స్‌లోనూ అంపైర్ ఆ ఓడేనే! ఈసారి ఆయన చూశాడు. ఎవర్స్ జనం మధ్యలో బంతి పట్టుకుని బేస్ మీద నిలబడ్డాడు. అది అసలు బంతేనా అన్నది ఈనాటికీ తేలలేదు. జెయింట్స్ ఆటగాడు మెక్‌గినిటీ అసలు బంతిని జనంలోకి విసిరేశాడని కొందరు, కాదని కొందరు. ఎవరి కథ వాళ్లది.

మెర్కిల్ అవుట్ అన్నాడు ఓడే. పరుగు చెల్లలేదు. మైదానమంతా జనం, పైగా చీకటి పడుతోంది. ఆట టై!

మన్కడింగ్ గొడవ గుర్తుందా? 2019 ఐపీఎల్‌లో బట్లర్‌ని అశ్విన్ అలా అవుట్ చేసినప్పుడు రూలు గొప్పదా, మర్యాద గొప్పదా అని ఇళ్లలో కూడా వాదించుకున్నాం. 2022లో దాన్ని మామూలు రనౌట్ల లెక్కలోకి చేర్చేశారు. న్యూయార్క్ వాదనా అదే తరహా. నా మటుకు నాకు ఓడే నిర్ణయం రూలు ప్రకారం తప్పనిపించదు. అందరూ ఏళ్ల తరబడి చేస్తున్నదాన్ని ఆ ఒక్క రోజు, ఆ ఒక్కడి దగ్గర పట్టుకోవడమే మింగుడుపడదు.

లీగ్ అధ్యక్షుడు హారీ పులియం అంపైర్ మాటే ఖాయం చేశాడు. సీజన్ లెక్కలు తేలేసరికి విడ్డూరం... జెయింట్స్ 98 గెలుపులు, 55 ఓటములు. కబ్స్‌వీ అవే! అక్టోబరు 8న మళ్లీ ఆడించారు. మైదానం నిండిపోతే పక్కనున్న కొండ మీదా, రైలు వంతెన మీదా జనమే. చంపేస్తామని బెదిరింపు ఉత్తరాలొచ్చాయని కబ్స్ బౌలరు మోర్డెకాయ్ బ్రౌన్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ బ్రౌనే గెలిపించాడు, 4-2. ఓటమి తట్టుకోలేని జనం మీద పడ్డారు. కబ్స్ కెప్టెన్ ఫ్రాంక్ ఛాన్స్‌కి మెడ మీద దెబ్బ తగిలింది.

నిజానికి సీజన్ చివర్లో ఫిలడెల్ఫియా కుర్ర బౌలరు హారీ కోవెలెస్కీ ఒక్కడే ఐదు రోజుల్లో మూడుసార్లు జెయింట్స్‌ని ఓడించాడు. అందులో ఒక్కటి గెలిచినా మెర్కిల్ ఊసే ఉండేది కాదు. కానీ మూడు ఓటములకు కారణాలు వెతకడం కష్టం. తిట్టడానికి ఒక మనిషి దొరికితే సులువు. పత్రికలు 'బోన్‌హెడ్' అన్నాయి. మట్టిబుర్ర అని. అతని పేరే ఒక తిట్టయిపోయింది.

కొట్టింది మెర్కిల్ కాదు

జట్టు మేనేజర్ జాన్ మెక్‌గ్రా మాత్రం అతన్ని పల్లెత్తు మాట అనలేదు. మరుసటేడు జీతం పెంచాడు కూడా. ఆ బంతి కొట్టిన బ్రిడ్‌వెల్ అయితే తాను అవుటైపోయినా బాగుండేదని, ఆ కుర్రాడికి ఇంత బాధ తప్పేదని తర్వాత వాపోయాడు. పులియం 1909 జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు. కారణం ఇదొక్కటే అనలేం గానీ, ఆ గొడవ అతన్ని బాగా నలిపింది.

మెర్కిల్ 1926 దాకా ఆడాడు. ఐదు వరల్డ్ సిరీస్‌లలో ఆడి, ఐదూ ఓడిన జట్లలోనే ఉన్నాడు. చివరికి ఫ్లోరిడాలో స్థిరపడి బేస్‌బాల్‌కి దూరంగా ఉండిపోయాడు. 1950లో పాత ఆటగాళ్ల వేడుకకి రమ్మని జెయింట్స్ పిలిచింది. పోలో గ్రౌండ్స్‌కే. వెళ్లాడు. 42 ఏళ్ల కిందట తిట్టిపోసిన ఊళ్లోనే జనం చప్పట్లతో స్వాగతం పలికారు. మరో ఆరేళ్లకు, 1956లో కన్నుమూశాడు.