నక్కవుల్లి

ఉల్లి చేసిన మేలు తల్లియైన చేయదని మనవారి సామెత. కాని ఉల్లి యను పేరుగల ప్రతి గడ్డయు నట్టిది కాదు. మెట్టనేలలందును, ఇసుకదిబ్బలమీదను, కొండవాలులందును దానంతట మొలచు నక్కవుల్లి యొకటి కలదు. దీనినే అడవియుల్లి యనియు, సంస్కృతమున వనపలాండు వనియు నందురు. పిల్లలుగల యిల్లాండ్రు దీని నెఱిగియుండుట మిక్కిలి యవసరము.

గడ్డ చూచుటకు ఉల్లివలెనే యుండును. పొరమీద పొర, పైన పలుచని పొట్టు, అడుగున వేళ్ళకుచ్చు. వేసవియందు నేల యెండియున్నపుడు, ఒక్క ఆకైనను లేకుండ ఒంటికాడ యొకటి నేల చీల్చుకొని లేచును. దాని పొడవున ఎడమెడముగా మాసిన తెలుపురంగు పూలుండును. పూవునకు రేకు లాఱు, కేసరము లాఱు. కాయకు మూడు గదులు. గింజలు నల్లనివి, పలుచనివి. పూలు వాడిన పిమ్మటనే ఆకులు వచ్చును. గడ్డలో దాచుకొన్న ఆహారమే ఆకులులేని కాలమున పూవులకు ఆధారము.

సామర్లకోటలో పెక్కేండ్లు నివసించిన రాక్స్‌బరో పండితుడు దీనికి సిల్లా ఇండికా యని పేరిడెను. ఆ పేరుగల ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1832లో అచ్చయ్యెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని డ్రిమియా ఇండికా యనుచున్నారు. వారి లెక్కలో ఇది ఉల్లికంటె పిల్లితేగలకు దగ్గఱి చుట్టము.

గుర్తుపట్టుట కష్టము కాదు. ఉల్లియాకు గొట్టమువలె బోలుగా నుండును. దీని యాకు బల్లపరుపు. ఉల్లిపూలు కాడ కొనయందు బంతివలె గుమిగూడును. ఇవి కాడ వెంబడి వరుసగా నుండును. అన్నిటికంటె ముఖ్యమైనది వాసన. కోసినపుడు ఉల్లిఘాటు లేనిచో అది ఉల్లి కాదు. ఉల్లి కోసిన కత్తితోనే కోసి భ్రమపడరాదు. రుచిచూచి తేల్చుకొనుట యసలే కూడదు.

దీనియందు గుండెపై పనిచేయు చేదుపదార్థములు కలవు. రసము తగిలిన చర్మము దురదపెట్టును. దగ్గుమందులందు వైద్యులు దీనిని తగినపాళ్ళలో వాడిరి. పాలు మించినచో వాంతులు, విరేచనములు కలిగి, గుండె లయ తప్పి, ప్రాణమునకే ముప్పు వాటిల్లును. బిడ్డ యెవరైన తినినచో, ఇంట వాంతి చేయింపక, మిగిలిన గడ్డముక్కతో వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలెను.

దగ్గునకు మంచిదని యెవరో చెప్పిరని దీనిని దంచి పిల్లలకు పోయుచుందురేమో! సోదరీమణులారా, ఇది మందగుటయు విషమగుటయు పాలునుబట్టియే యుండును. ఆ పాలు కొలుచుటకు వంటింటి గరిటె చాలదు.