ఇంటి సీఎన్‌సీకి ప్రాణం చట్రమే

కంప్యూటర్ ఇచ్చే ఆదేశాల ప్రకారం కోతపరికరాన్ని కదిలించి, చెక్కనో లోహాన్నో కోరిన ఆకారంలో చెక్కే యంత్రాన్ని సీఎన్‌సీ అంటారు. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రదర్శించిన తొలితరం యంత్రం చిల్లులు పొడిచిన పట్టీ నుంచి ఆదేశాలు చదువుకునేది. నేడు ఆ నియంత్రణ భారాన్ని అరచేతిలో ఇమిడే ఆర్డ్యూనో బోర్డు, ఉచితంగా దొరికే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ మోయగలుగుతున్నందున, ఇటువంటి యంత్రాన్ని ఇంటివద్దనే నిర్మించుకోవడం సాధ్యమైంది.

ఇందులోని స్టెప్పర్ మోటారు ఆగకుండా తిరిగే మోటారు వంటిది కాదు. సాధారణంగా అది ఒక చుట్టును 200 అంచెలుగా తిరుగుతుంది కాబట్టి, చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూకు, అంటే పొడవాటి మరకడ్డీకి, దానిని బిగిస్తే ఒక్కో అంచెకు 0.04 మిల్లీమీటర్ల కదలిక వస్తుంది. అయితే మరకడ్డీకీ నట్టుకూ మధ్య సందు ఉంటే, దిశ మారినప్పుడు మోటారు కొంత తిరిగినా బల్ల కదలదు. సాధారణ ఇంటి యంత్రానికి ఆ లోపం తెలుసుకునే సాధనం ఉండదు గనుక గుండ్రంగా రావలసిన గీత వంకరపోతుంది.

నిర్మాతలు బోర్డు ఎంపికపై చూపే శ్రద్ధను చట్రంపై చూపకపోవడం విచారకరం. కోత ఒత్తిడికి చట్రం వణికితే ఎంత మంచి మోటారైనా నునుపైన అంచును ఇవ్వలేదు. ఈ విషయంలో విజయవాడవారు అదృష్టవంతులు. లారీ బాడీలు కట్టడంలో పేరుగన్న ఆటోనగర్‌లో లేతు పనివారు, వెల్డర్లు అందుబాటులో ఉన్నారు. వెల్డింగ్ వేడికి ఇనుము లాగుకుపోతుందనీ, ముందు ఎదురెదురు మూలల్లో చుక్కలు వేసి, రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయని కొలిచాకే పూర్తిగా అతకాలనీ అనుభవం గల వెల్డరుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కృష్ణా డెల్టాలో ఈ యంత్రానికి తగిన పని కూడా ఉంది. పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులను చేతితో చెక్కుతారు. నేపథ్యాన్ని తొలిచే శ్రమను యంత్రం తీసుకోగలదు గానీ, 3 మిల్లీమీటర్ల బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కనుక లోపలి మూలలో 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపును మిగిల్చే తీరుతుంది. ఆకుకొన దగ్గర ఆ మూలను పదునుగా తేల్చే పని అచ్చు చెక్కే కళాకారుడి ఉలికే మిగులుతుంది.