మేని మెరుగు

తెలుగులో ‘మెరుగు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి కాంతి, రెండవది మేలు. మెరిసే ప్రతి వస్తువూ మేలైనది కాకపోవచ్చు. కాని మేలుగా కాపాడుకొన్న వస్తువు చాలాకాలం మెరుస్తుంది. ఈ రెండు అర్థాలూ ఒక్కచోట కలిసే సందర్భం నేటి గ్రామీణ జీవనంలో కూడా కనిపిస్తుంది. అది కొత్త కారు పైపూత.

వికారాబాద్ జిల్లాలో దోమ ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు అది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అక్కడి ఒక రైతు కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు కొంత బ్యాంకు అప్పు జోడించి హైదరాబాదులో కారు కొన్నదనుకొందాం. చేవెళ్ల, మన్నెగూడ, పరిగి మీదుగా కారు ఇంటికి చేరేసరికి దానిపై సన్నని దుమ్ము పరచుకొంటుంది. ఇంటి పెద్దాయన భుజం మీది తువాలు తీసి, పసిబిడ్డ ముఖం తుడిచినంత ప్రేమగా కారును తుడుస్తాడు. మరునాడూ అదే పని. నెల తిరిగేసరికి, ఎండ పడిన వేళ చూస్తే, నల్లని బానెట్ మీద సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు కనిపిస్తాయి. వాటిని పిల్లలెవరూ గీయలేదు, దారిన పోయేవారూ గీయలేదు. ప్రేమగా తుడిచిన చేతులే గీశాయి. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ముందుగా ఆ పూత నిర్మాణాన్ని తెలుసుకోవాలి.

కారు రంగు చూడటానికి ఒకే పూతలా ఉన్నా, నిజానికి అది పొరల సమూహం. ఉక్కు రేకును కర్మాగారంలో మొదట శుభ్రపరచి, రంగు గట్టిగా పట్టుకోవడానికి ఫాస్ఫేట్ వంటి రసాయనంతో సిద్ధం చేస్తారు. తరువాత కారు చట్రాన్నంతటినీ ఒక పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును నిరోధించే పూతను పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, దానిపై మనం చూసే రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత వస్తాయి. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పైనున్న పారదర్శకపు పూత ఒక్కటే సుమారు 40 మైక్రాన్లు ఉంటుంది. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే లక్షల విలువ చేసే కారు కాంతి అంతా వెంట్రుక కంటె పలుచని ఒక పొర మీద ఆధారపడి ఉన్నదన్నమాట. అద్దంలా మెరిసేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని కింది రంగు వెలిసిపోకుండా కాపాడేదీ ఆ పొరే.

ఈ ఏర్పాటు తొలినాళ్ల నుండి ఉన్నది కాదు. మొదటి కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్లే నూనె రంగులను, వార్నిష్‌ను కుంచెలతో వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే లాకరును తయారుచేసిన తరువాత ఆ కాలం గంటలకు తగ్గింది. మన మెకానిక్కులు ఈనాటికీ ‘డ్యూకో పెయింటింగ్’ అనడం ఆ పేరు మిగిల్చిన జ్ఞాపకమే. రంగును ఒక పొరగా, మెరుపును మరొక పొరగా వేసే పద్ధతి 1980ల నాటి నుండి విస్తృతంగా వ్యాపించింది. పాత పద్ధతిలో రుద్దితే రంగే అరిగి గుడ్డకు అంటేది. నేటి పద్ధతిలో అరిగేది పారదర్శకపు పొర కాబట్టి ఆ నష్టం కంటికి కనిపించదు. కనిపించని నష్టం గురించి మనిషి జాగ్రత్త పడడు.

ఇక ఆ పొరకు శత్రువు ఎవరో చూద్దాం. పదార్థాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మాపకంలో వజ్రానికి 10 స్థానం. మన గోరు సుమారు రెండున్నర. సున్నపురాయిలోని కాల్సైట్ 3. ఇసుకలోని క్వార్ట్జ్ 7. దారిదుమ్ములో ఈ క్వార్ట్జ్ రేణువులు తప్పక ఉంటాయి. కారు పైపూత వాటి ముందు చాలా మెత్తనిది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినపుడు గుడ్డ మడతల్లో చిక్కిన ప్రతి రేణువూ ఒక చిన్న ఉలిగా మారుతుంది. గీతలు అన్ని దిక్కులకూ ఉన్నా, వెలుగును మన కంటివైపు తిప్పేవి మాత్రమే కనిపిస్తాయి. అందుకే అవి సూర్యబింబం చుట్టూ వలయాలుగా తోస్తాయి.

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఈ సమస్య మరికొంత ఎక్కువ. వికారాబాద్ పరిసరాల్లో ఎర్రని జేగురు నేలలు, తాండూరు వైపు నల్లరేగడి, సున్నపురాయి గనులు ఉన్నాయి. తాండూరు నాపరాయి దేశమంతటా ఇళ్లకు నేలగా పరచుకొన్నది. అదే సున్నపురాయి ఆధారంగా అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. బండలు, సిమెంటు మోసే లారీల వెనుక ప్రయాణించే కారు మీద రాతిపొడి పడక తప్పదు. పొడిగా ఉన్నంతసేపు సిమెంటు ధూళి కేవలం దుమ్మే. మంచు గాని, చిరుజల్లు గాని పడితే అది క్షార గుణం పొంది, గట్టిపడి, పూతను పట్టుకొంటుంది. అందువల్ల దానిని తడిగుడ్డతో రుద్దడం మరింత ప్రమాదకరం. ధారాళంగా నీరు పోసి ముందుగా జారిపోనివ్వాలి.

సున్నపురాతి నేలల్లో బోరునీరు సాధారణంగా కఠినంగా ఉంటుంది. వంటపాత్రల్లో తెల్లని పెచ్చు కట్టే ఆ నీరే కారు మీద ఆరినపుడు తెల్లని చుక్కలు మిగులుస్తుంది. ఎండలో కాలిన రేకు మీద అవి త్వరగా ముద్రపడతాయి. పక్షుల రెట్టలో ఆమ్ల గుణం ఉంటుంది. చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల నీడ బాటసారికి ఎంత హాయినిచ్చినా, పండ్ల కాలంలో వాటి కింద గంటల తరబడి నిలిపిన కారుకు మాత్రం అది క్షేమం కాదు. వేప, తుమ్మ చెట్ల బంక కూడా ఇటువంటిదే. ఎండకు పూత వ్యాకోచించి, రాత్రికి సంకోచిస్తుంది. ఎండిన రెట్ట కింద ఆ కదలిక సమంగా జరగక మచ్చ లోతుగా నిలుస్తుంది. రెట్ట కనిపించిన వెంటనే తడిగుడ్డను కాసేపు దానిపై పరచి, నానిన తరువాత మెల్లగా ఎత్తివేయాలి.

కొత్త వాహనానికి పూజ చేయించడం మన ఆచారం. ఆచారాన్ని మానుకోనక్కర లేదు. అయితే తడి పసుపు, కుంకుమ రంగులు లేతవర్ణపు కార్ల మీద మరకలుగా నిలుస్తాయి. కొబ్బరినీరు ఆరితే జిగటగా మారుతుంది. బొట్టును అద్దం మీదనో, నంబరు పలక మీదనో పెట్టి, పూజ ముగిసిన నాడే నీటితో కడిగితే భక్తికీ లోటు రాదు, పూతకూ హాని జరగదు.

పూత రక్షణలో మొదటి మెట్టు కడిగే తీరు. ఇందుకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. రెండు బకెట్లు, వాహనాలకు ఉద్దేశించిన షాంపూ, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. కారును నీడలో నిలిపి, రేకు చల్లబడిన తరువాత, ముందుగా వట్టి నీటితో దుమ్మును జారవిడవాలి. తరువాత ఒక బకెట్‌లోని సబ్బునీటిలో గుడ్డను ముంచి పైకప్పు నుండి కిందికి, తేలికగా, తిన్నని గీతలో తుడవాలి. ప్రతి భాగం తరువాత గుడ్డను రెండవ బకెట్‌లోని మంచినీటిలో జాడించి, ఆపైననే మళ్లీ సబ్బునీటిలో ముంచాలి. రెండవ బకెట్ అడుగున చేరిన ఇసుకను చూస్తే, అది లేకుంటే ఆ రేణువులన్నీ ఎక్కడికి వెళ్లేవో అర్థమవుతుంది. చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. చివరకు ఆరబెట్టేటపుడు రుద్దక అద్దాలి. నీరు దానంతట అది ఆరిపోయేవరకు ఊరకోరాదు. పాత్రలు తోమే పొడిని, బట్టల సబ్బును వాడరాదు. కారును చెరువులోకి దింపి కడగడం రెండు విధాల తప్పు. ఒండ్రునీటిలోని ఇసుక పూతను గీస్తుంది, కారు నూనె చెరువును చెరుస్తుంది. దుమ్ముపట్టిన కారుకు ముసుగు తొడగడం కూడా మేలు కాదు. గాలికి కదిలే ముసుగు ఆ దుమ్ముతోనే పూతను రుద్దుతుంది.

రెండవ మెట్టు పైరక్షణ. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీసే కర్నూబా మైనం చాలాకాలంగా వాడుకలో ఉన్నది. అది నీటిని నిలువనీయదు. ఎండకు, తరచు కడగడానికి కొన్ని వారాలలోనో, నెలలలోనో కరిగిపోతుంది కనుక మళ్లీ పూయాలి. కృత్రిమ సీలెంట్లు మరికొంత కాలం నిలుస్తాయి. సిలికా ఆధారిత సిరామిక్ పూతలు సరిగా వేస్తే సంవత్సరాలు ఉంటాయి. అవి మురికిని తేలికగా విడిచిపోనిస్తాయి. కాని రాయి తగిలితే ఆపవు. చిన్న రాళ్ల తాకిడిని తట్టుకొనేది పాలీయురెథేన్‌తో చేసిన పారదర్శకమైన ఫిల్మ్. అది చాలా ఖరీదైనది. ఏ పూత వేసినా ముందున్న గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. ఏ పూత వేసినా కడగవలసిన పని తప్పదు.

కర్మాగారంలో వేసిన రంగును సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. కాబట్టి కొత్త కారుకు వెంటనే మైనం పూయవచ్చు. ప్రమాదం తరువాత షెడ్డులో తిరిగి వేయించిన రంగు విషయం వేరు. అందులోని ద్రావణి పూర్తిగా ఆవిరి కావడానికి వారాలు పడుతుంది. అంతవరకు దానిపై ఏ మైనమూ పూయరాదు. కారును అందుకొనే రోజున కొన్నవారు దానిని వెలుతురులో నలువైపులా పరిశీలించాలి. అప్పగింతకు ముందు హడావుడిగా తుడిచిన గుడ్డ వల్ల కొత్త కారుకే గీతలు పడి ఉండవచ్చు.

మూడవది దిద్దుబాటు. దీనిని అర్థం చేసుకోవడానికి తాండూరు నాపరాయిని గమనిస్తే చాలు. గని నుండి వచ్చిన బండ గరుకుగా ఉంటుంది. పాలిషింగ్ యూనిట్లలో దానిని నీటితో తడుపుతూ, మొదట ముతక సానతో, క్రమంగా సన్నని సానలతో రుద్దుతారు. ప్రతి సానా తన ముందరి సాన మిగిల్చిన గీతలను చెరిపి, అంతకంటె సన్నని గీతలను మిగులుస్తుంది. చివరకు గీతలు కంటికి అందనంత సన్నగిల్లి, రాయి మెరుస్తుంది. కారు పూతను పాలిష్ చేయడమూ అంతే. గీతను పూడ్చడం కాదు, గీత అడుగు మట్టం వరకు చుట్టుపక్కల పూతను అరగదీయడం జరుగుతుంది. బండకూ కారుకూ తేడా ఒక్కటే. బండ మందం అంగుళాలలో ఉంటుంది. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది.

ఈ తేడాను మరిచినవారు నష్టపోతారు. ప్రతి పాలిష్‌కూ కొన్ని మైక్రాన్ల పూత తరిగిపోతుంది. అది తిరిగి పెరగదు. అందుచేత నిపుణులు ముందు మందాన్ని కొలిచే పరికరంతో పూతను పరీక్షిస్తారు. కారును కడిగి, అంటుకొన్న రేణువులను మెత్తని క్లేతో తొలగిస్తారు. తరువాత ఒక చిన్న భాగం మీద అన్నిటికంటె మృదువైన పాలిష్‌ను ప్రయోగించి చూస్తారు. దానితో పని జరిగితే అంతటితో ఆగుతారు, జరగకపోతేనే ముతకదానికి వెళతారు. అంచుల వద్ద పూత పలుచన కాబట్టి అక్కడ యంత్రాన్ని నిలపరు. గోరుతో తడిమినపుడు గోరు తట్టుకొనేంత లోతైన గీతను పూర్తిగా తీసివేయాలని ప్రయత్నించరు. దానిని కొంత మెత్తబరచి విడిచిపెట్టడమే వివేకం. గీత ఉక్కును తాకినట్లయితే మాత్రం ఆలస్యం చేయరాదు. శుభ్రం చేసి, టచప్ రంగుతో మూయాలి. లేకుంటే తుప్పు పూత కిందనుండే పాకుతుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దల మాట. కారు పూతకు ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. గీతలు పడనిచ్చి పాలిష్ చేయించడం కంటె, గీతలు పడకుండా కడగడం తేలిక, చౌక కూడా. దోమలోని ఆ పెద్దాయన ప్రేమలో లోపం లేదు. ఆయన చేతిలోని పొడి తువాలు స్థానంలో ఒక బకెట్ నీరు ఉంటే సరిపోయేది. ఇప్పటికీ మించిపోయింది లేదు. పడిన సన్నని గీతలను ఒక్కసారి మృదువుగా దిద్దించి, ఆపై పద్ధతిగా కడుగుతూ పోతే ఆ కారు ఏళ్ల తరబడి కొత్తదనాన్ని నిలుపుకొంటుంది. ఏ వస్తువునైనా ప్రేమించడం ఒక ఎత్తు, దాని స్వభావాన్ని తెలిసి ప్రేమించడం మరొక ఎత్తు. మెరుగు అనే మాటలోని రెండు అర్థాలూ నెరవేరేది ఆ రెండవ చోటనే.