ఇంటి దీపాలకు ఒక లెక్కల గుమాస్తా

విద్యుత్ బిల్లు ఇంటికి వచ్చినప్పుడు మొత్తం ఎంత అన్నది మాత్రమే గృహస్థునికి తెలుస్తుంది. ఏ గది దీపం ఎంత వాడుకొన్నదో తెలియదు. ఆ లెక్కను దీపాలవారీగా చెప్పి, మనుష్యులు లేనిచోట దీపాన్ని తానే ఆర్పివేసే ఉపకరణం ఒకటి నిర్మించాలని మేము పూనుకొన్నాము.

దీనికి మెదడు వంటిది మైక్రోకంట్రోలర్. గణనశక్తి, జ్ఞాపకం, బయటి సంకేతాలను స్వీకరించే ద్వారాలు ఒకే చిన్న చిప్పులో ఇమిడి ఉంటాయి. మేము వాడినది ఆర్డ్వినో ఊనో బోర్డు. దానిలోని చిప్పు ఏటీమెగా 328పి. శరీరపు ఉష్ణకిరణాలనుబట్టి కదలికను పసిగట్టే పి.ఐ.ఆర్. సెన్సారును, దీపాన్ని వెలిగించి ఆర్పే రిలేను, కరెంటును కొలిచే సెన్సారును దానికి తగిలించాము. పది నిమిషాలపాటు ఏ కదలికా లేకుంటే దీపం ఆరిపోతుంది. (ఇది చూసేది కదలికనే గాని మనిషిని కాదు. పరీక్షలకు కదలక మెదలక చదువుకొనే విద్యార్థిని చీకటిలో కూర్చోబెడుతుంది! అందుచేత చదువుగదికి మామూలు స్విచ్చినే ఉంచాము.)

అసలు కష్టం కొలతలో ఎదురైంది. మొదట ఏసీఎస్ 712 అనే సెన్సారులో 5 ఆంపియర్ల రకం తీసుకొన్నాము. అది ఆంపియరుకు 185 మిల్లీవోల్టుల మార్పు చూపుతుంది. చిప్పు 5 వోల్టులను 1024 మెట్లుగా విభజించి చదువుతుంది గనుక ఒక్కొక్క మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు, అనగా సుమారు 26 మిల్లీ ఆంపియర్లు. 230 వోల్టుల వద్ద ఇది 6 వాట్లకు సమానం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును 6 వాట్ల మెట్లతో కొలవటం కట్టెల కాటాపై బంగారం తూచటం వంటిది. దీపం ఆర్పి ఉన్నా అంకెలు కదులుతూనే ఉండేవి. చివరకు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి, దాని వలయంగుండా దీపపు ఫేజు తీగను పదిసార్లు చుట్టాము, సంకేతం పదిరెట్లయింది.

మరొక పొరపాటు కూడా చేశాము. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వాట్లు వస్తాయనుకొన్నాము. ఏ.సి. విద్యుత్తుకు అది చాలదు. పవర్ ఫ్యాక్టరు 0.5 గల 9 వాట్ల బల్బు ఆ లెక్కన 18 వాట్లుగా కనిపిస్తుంది. రెండింటినీ ఒకే క్షణాన, క్షణక్షణమూ చదివి, గుణించి, సగటు తీయాలి. ఆ సగటును కాలంతో కూడుకొంటూ పోతే వాట్-అవర్లు లభిస్తాయి. అవి 1000 అయితే ఒక యూనిట్.

ఇక గుమాస్తా జీతం మాట. మా ఉపకరణం రాత్రింబవళ్ళు సుమారు 2 వాట్లు తీసుకొంటున్నది, ఏడాదికి 17.5 యూనిట్లు. 9 వాట్ల బల్బును రోజుకు ఒక గంట ముందుగా ఆర్పితే ఏడాదిలో మిగిలేది 3.3 యూనిట్లు మాత్రమే. ఒక్క బల్బుకు ఈ ఉపకరణం అమర్చటం నష్టమేనని ఒప్పుకొనక తప్పదు. పాత 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే, రోజుకు 5 గంటల వాడకంపై ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి; దానికి మైక్రోకంట్రోలర్ అక్కరలేదు!

అయితే వరండాల సంగతి వేరు. చోకుతో కలిపి 50 వాట్లు తీసుకొనే రెండు ట్యూబులైట్లను ఒకే ఉపకరణం చూసుకొంటే, రోజుకు అరగంట ఆర్పినా దాని ఖర్చు తీరుతుంది. అటుపైన అంతా ఆదాయమే. కనుక మన కళాశాల వరండాలో ఒక జత ట్యూబులైట్లకు దీనిని అమర్చి చూడటానికి అనుమతించవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాము. 230 వోల్టుల తీగలను మాత్రం ఎలక్ట్రీషియనే కలపాలి, ఫ్యూజు తప్పక ఉండాలి.