హర్గిలకు సీమంతం

ఐదడుగుల ఎత్తు, బట్టతల, మెడకింద వేలాడే సంచి. ఎక్కువగా కుళ్లిన కళేబరాలే తిండి. ఎముకలు మింగేదనే అర్థంలో అస్సామీలు ఈ భారీ కొంగను హర్గిల అంటారు. అపశకునమనీ ముద్ర వేశారు.

2007లో జీవశాస్త్రవేత్త పూర్ణిమా దేవి బర్మన్ దీనిపైనే పీహెచ్‌డీకి పూనుకున్నారు. కామరూప్ జిల్లా దాదరాలో ఓ ఆసామి గూళ్లున్న కడిమి చెట్టును నరికించడంతో పిల్లలు నేలరాలాయి. అడ్డుచెప్పిన ఆమెను ఊరు ఎగతాళి చేసింది. ఊరివాళ్ల బాధా నిజమే. గూళ్లన్నీ పెరటి చెట్లపైనే. రెట్టలు, కుళ్లు కంపు భరించాల్సింది ఇంటివాళ్లే. అభయారణ్యం ప్రకటిస్తే తీరే సమస్య కాదిది. చెట్టు యజమాని మనసు మారాలి.

అందుకే బర్మన్ పరిశోధనను పక్కనపెట్టి ఇల్లాళ్లను కలిశారు. డాక్టరేట్ 2019లో గానీ చేతికందలేదు. వంటల పోటీలతో పరిచయాలు పెంచుకున్నారు. గూడు కట్టే కొంగలకు గర్భిణులకు మల్లే సీమంతం చేయించారు. మగ్గాలు, నూలు ఇప్పించారు. హర్గిల బొమ్మలతో నేసిన గమోసాలు, చీరలు మహిళలకు ఆదాయమయ్యాయి. జారిపడే పిల్లల కోసం చెట్ల కింద వలలు కట్టారు. ఈ 'హర్గిల సైన్యం' 10 వేలు దాటింది.

దాదరా, పచారియా, సింగిమారి గ్రామాల్లో ఒకప్పుడు 28గా ఉన్న గూళ్లు 250 మించాయి. 2022లో ఐక్యరాజ్యసమితి బర్మన్‌ను 'చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్' పురస్కారంతో గౌరవించింది. 2023లో ఐయూసీఎన్ హర్గిలను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తప్పించి, ముప్పుకు చేరువలో ఉన్న వాటిలో చేర్చింది.

గూళ్లకు పల్లెలు కాపలా ఉన్నాయి. మేత దొరికే చిత్తడి నేలలను, గువాహటిని ఆనుకున్న దీపోర్ బీల్‌ను కాపాడటం మాత్రం ఇల్లాళ్ల చేతిలో లేదు. అది ప్రభుత్వం పని.