తమ్మిలేరు ఎక్కడి నీళ్లు తెస్తుంది?



"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. ఈవేళ ఆ పల్లం సంగతే మాట్లాడుకుందాం. స్థలం కొనాలన్నా, ఇల్లు కట్టాలన్నా మనకి పనికొచ్చే సంగతి ఇది.

ఏలూరువాళ్లకి తమ్మిలేరు కొత్త కాదు. ఎండాకాలంలో చూస్తే ఇదీ ఒక ఏరేనా అనిపిస్తుంది. ఇసుక, ముళ్లకంపలు, ఎక్కడో సన్నటి నీటిపాయ. అదే ఏరు వానాకాలంలో ఒక్కోసారి మన వీధిలో చినుకు పడకుండానే ఎర్రగా పొంగి వస్తుంది. 2020 అక్టోబరు వానల్లో ఏలూరు పేటల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరి ఇన్ని నీళ్లు ఎక్కడివి?

మన పెంకుటిల్లు తలుచుకోండి. నడికొప్పుకి ఇటు పడ్డ చినుకు వీధి చూరు నుంచి జారుతుంది, అటు పడ్డది పెరటి చూరు నుంచి జారుతుంది. రెండు చినుకులకీ మధ్య ఎడం జానెడు కూడా ఉండదు, కాని చేరే చోటు వేరు. నేల కూడా అంతే. ఎత్తుగా ఉన్న మెట్ట నడికొప్పు అయితే, దానికి ఒక వైపు పడ్డ వానంతా ఒక ఏటికి చేరుతుంది. అలా ఒక ఏటికి నీళ్లిచ్చే నేలనే పరీవాహక ప్రాంతం అంటారు.

తమ్మిలేరు పరీవాహక ప్రాంతం ఏలూరుకి ఉత్తరంగా చాలా దూరం ఉంది. తెలంగాణలోని ఖమ్మం జిల్లా వైపు మెట్టల్లో పుట్టి, చింతలపూడి ప్రాంతంలో నాగిరెడ్డిగూడెం దగ్గర జలాశయంలో ఆగి, అక్కడినుంచి దిగువకి వస్తుంది. ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేటిలో కలుస్తుంది. పైన కొండవాలులో రాత్రి కురిసిన కుంభవృష్టి మనకి తెలియదు. అది దిగి వచ్చేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండవచ్చు. అందుకే జలాశయం నుంచి నీళ్లు వదులుతున్నారని చెబితే, ఆకాశం తెరిపిగా ఉంది కదా అని ఊరుకోకూడదు.

ఇక గుండుగొలను చూడండి. పేరులోనే కొలను ఉంది. ఈ ప్రాంతం మెట్టకీ పల్లానికీ నడుమ ఉంది. ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు ఎర్రనేలలు, దక్షిణాన కొల్లేటి వైపు నల్లరేగడి. ఇక్కడి నీళ్లకి కొల్లేరే దిక్కు. తూర్పున ఎర్రకాలువది వేరే దారి. అది తాడేపల్లిగూడెం దగ్గర నందమూరు దాటి, యనమదుర్రు డ్రెయిను అయి, భీమవరం మీదుగా సముద్రం వైపు పోతుంది. పక్క పక్కనే ఉన్నా ఒకటి మన చూరు, ఒకటి పొరుగింటి చూరు అన్నమాట.

వీటికి అడ్డంగా ఏలూరు కాలువ ఒకటి ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి గోదావరి నీళ్లే ఈ కాలువలో వస్తాయి. కాలువ మనం తవ్వుకున్నది, ఏరు తనంతట తాను తవ్వుకున్నది. ఏరు దాటే చోట కట్టడం కట్టి, ఒకదాని నీళ్లు ఒకదానికి తగలకుండా పంపాలి. ఆ దారి పూడితే నీళ్లు ఊరి మీద పడతాయి.

చివరికి అన్నీ చేరే తొట్టి కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు అందులో పడతాయి. బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అదీ సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రం చేరాలి. పది కుళాయిలు విప్పి ఒక్క తూము తెరిస్తే తొట్టి నిండదూ? పైగా సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఎన్నో చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు లేచిన ప్రతిచోటా నీటికి జాగా తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు కూడా దిగివచ్చింది ఈ తొట్టిలోకే.

ఇందులో మనం చేయగలిగింది లేదా అంటే, ఉంది. ఇంటాయన స్థలం చవకగా వస్తోందంటే, పుస్తెలతాడు తాకట్టు పెట్టే ముందు ఆ స్థలాన్ని వానాకాలంలో ఒకసారి చూసి రండి. చుట్టుపక్కల పాత ఇళ్ల గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. ఆ వీధిలో ముసలమ్మ ఎవరైనా ఉంటే, "అమ్మా, నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి?" అని అడగండి. కాగితాల్లో లేని సంగతి ఆవిడ చెబుతుంది. ఏటి పాయను పూడ్చి ప్లాట్లు వేసిన చోట, ఏరు ఎండిపోయిందని నమ్మకండి. అది దారి మరిచిపోదు.

ఇంకొక్క మాట. ప్లాస్టిక్ సంచిలో కట్టి మనం కాలువలో విసిరిన చెత్త మాయమైపోదు. తూముకి అడ్డం పడి మన వీధినే ముంచుతుంది, లేదా కొల్లేటికి చేరుతుంది. ఆ కొల్లేటి చేపే తిరిగి మన వంటింటికి వస్తుంది. పల్లానికి మనం ఏది పంపితే, పల్లం మనకి అదే పంపుతుంది.

సెలవు.